కాలవగట్టు మీది చామంతి డబ్బాలు

మేడ మెట్ల కింద గోనెసంచిలో నానుతున్న కొబ్బరి పొట్టు వాసన ఈ పొద్దున్న నా అద్దెగది దాకా వచ్చింది. చెమ్మా, పాత తాడూ, కొంచెం పులిసిన పీచూ కలిసిన ఆ వాసనకు నాకు ఎప్పుడూ మా మామ్మ చేతులే గుర్తొస్తాయి. వారం రోజులుగా ఆ పొట్టును కడుగుతున్నాను. మేడ మీదికి చేర్చిన ఒండ్రు, ఇసక బస్తాలు చూసి ఇంటావిడ రెండుసార్లు మెట్లెక్కి వచ్చి, "మేడ మీద మట్టి పోస్తే స్లాబు కారిపోద్దండీ, సాయంత్రానికల్లా తీయించేయండి" అని చెప్పి వెళ్ళింది. నేను అలవాటుగా, సరేనన్నట్టు "ఆయ్" అన్నాను. అనాల్సిన మాటలు డైరీలో రాసుకుంటానే గానీ నోటితో అనను. చిన్నప్పటి నుంచీ అంతే.

మా ఇల్లు రాజోలు దగ్గర కాలవగట్టు మీద ఉండేది. ముందు కాలవ, వెనక ఆసాముల వరిచేలు, మధ్యలో మా తాటాకు పాకల వరస. గట్టు సర్కారుది కాబట్టి దాని మీద మొక్క నాటకూడదు. వేళ్ళు దిగితే గట్టు బీటలిస్తుందని కాలవకు కాపలా ఉండే లస్కరు సైకిలు మీద వచ్చి, గోంగూరనీ చిక్కుడుపాదనీ కూడా చూడకుండా పీకి నీళ్ళలో పారేసేవాడు. రెండేళ్ళు అలా పీకించుకున్నాక మామ్మ గట్టును అడగడం మానేసింది. టీకొట్ల దగ్గర పారేసిన నూనె డబ్బాలు ఏరుకొచ్చి, అడుగున మేకుతో చిల్లులు పొడిచి, వాటి మీద కుండపెంకులు బోర్లించి, తన నేలను తనే తయారుచేసుకోవడం మొదలుపెట్టింది.

ఆ తయారీ ఎండాకాలంలో మొదలయ్యేది. కాలవలకు నీళ్ళు కట్టేశాక పేటంతా పూడిక తీసే కూలికి వెళ్ళేది. పెద్దవాళ్ళు మోకాళ్ళ దాకా బురదతో తిరిగొచ్చేవారు, మేము గుంటల్లో మిగిలిన కొర్రమీనుల కోసం పడి దొర్లేవాళ్ళం, సాయంత్రానికి ప్రతి పాకలోంచీ మామిడికాయ వేసిన చేపల పులుసు వాసన వచ్చేది. మామ్మ మాత్రం రోజుకో తట్ట ఒండ్రు తెచ్చి పాక వెనక ఆరబోసేది. "ఉత్త ఒండ్రు పోసేవంటే ఎండకి ఇటుకైపోద్ది, వానకి అడుసైపోద్ది" అంటూ, దానికి సమానంగా గోదావరి ఇసకా, కిందటేడాది నుంచీ ఎండిన మేకల పెంటా, గడ్డివాము అడుగున కుళ్ళి నల్లబడిన గడ్డీ కలిపి, తాటాకు కప్పి, తొలివానల దాకా పదిరోజులకోసారి తిరగేసేది. సిద్ధమైందో లేదో చూడడానికి గుప్పిట్లో పిసికి ముద్ద చేసి వేలితో పొడిచేది. ముద్ద నిలవాలి, పొడిస్తే పొడిపొడిగా విడిపోవాలి. విడిపోకపోతే మళ్ళీ ఇసక.

ఒక క్రిస్మస్ నాడు చర్చిలో, బల్ల మీద పూలు సర్దుతున్న సంఘపెద్ద గారి భార్య, మామ్మ ముట్టుకోబోతే నవ్వి, "నీకెందుకులే మరియమ్మా, గట్టు మీదోళ్ళకి పూలెక్కడివి" అంది. మామ్మ చెయ్యి వెనక్కి తీసుకుని, అందరూ వినేలా, "వచ్చే యేడు బల్ల మీద పూలు మాయేనండి" అంది.

ఆ తర్వాతి వానాకాలం తొమ్మిది డబ్బాల్లో చామంతి పిలకలు నాటింది. నాకు పదేళ్ళు. బడి అలమరాలోని తోటపని పుస్తకంలో, కొబ్బరి పొట్టు కలిపితే మట్టి గుల్లబారి చెమ్మ నిలుస్తుందని చదివి, ఎవరికీ చెప్పకుండా పీచు కొట్టే పాక నుంచి ఒడినిండా పొట్టు తెచ్చి నాలుగు డబ్బాల్లో కలిపేశాను. వారానికి ఆకుల అంచులు మాడాయి. మామ్మ చిటికెడు మట్టి నాలిక మీద వేసుకుని, ఉమ్మి, నా వైపు చూసింది.

"ఆ కొబ్బరి డొక్కలు ఉప్పుటేట్లో నానేసినయ్యే. పుస్తకంలో ఆ ముక్క రాయలేదేంటే?"

నేను ఏడుస్తూ నిలబడ్డాను. ఆమె తిట్టలేదు. మొక్కలు పెరికి, వేళ్ళు కాలవలో కడిగి, కొత్త మట్టిలో పెట్టింది. రెండు బతికాయి, రెండు పోయాయి. పొట్టును మాత్రం పారేయనివ్వలేదు. "దాని తప్పేం లేదు. ఉప్పు పోయేదాకా కడుగు" అని తట్ట నా చేతికిచ్చింది.

మొగ్గలు వచ్చిన రోజుల్లోనే లస్కరు వచ్చాడు.

"గట్టు మీద మొక్కలేయొద్దని చెప్పలేదా?"

"వేయలేదండి బాబూ, పెట్టేను. వేళ్ళన్నీ డబ్బాల్లోనే ఉన్నాయి, ఎత్తి చూడండి."

"అందులో మట్టి మాత్రం కాలవది కాదేంటి?"

"కాలవదేనండి. పూడిక తీసేటప్పుడు మా ఒంటికి అంటుకొచ్చింది. తిరిగిచ్చేయమంటారా?"

పక్క పాకల ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. లస్కరు సైకిలు తిప్పుకుని వెళ్ళిపోయాడు.

క్రిస్మస్ పొద్దున్న, నూనెలో వేగుతున్న బెల్లం పోకుండల వాసన వదిలి, ఏడు డబ్బాలు తలల మీద పెట్టుకుని చర్చికి నడిచాం. పసుపుపచ్చని చామంతులు, కింద తుప్పుపట్టిన డబ్బాలు, వరసగా బల్ల మీద. సంఘపెద్ద గారి భార్య చూసి, "డబ్బాల్తోనే పెట్టేసేవేంటి? కోసుకుని రావాల్సింది కదా" అంది.

"కోస్తే రేపటికి వాడిపోతాయండి. ఇయ్యి వేళ్ళతో వచ్చేయి" అంది మామ్మ.

ఇప్పుడు ఆ గట్టు వెడల్పై రోడ్డయింది. పాకలు లేవు, పూడిక తీసే మనుషులూ లేరు, గుంటల్లో చేపలకు ఎగబడే పిల్లలూ లేరు. మామ్మ సమాధుల తోటలో ఉంది. తనకంటూ దొరికిన మొదటి నేల అదే.

ఈ మధ్యాహ్నం కడిగిన పొట్టు చిటికెడు నాలిక మీద వేసుకున్నాను. ఉప్పు లేదు. దాంతో ఒండ్రూ ఇసకా పెంటా కలిపి, పిసికి, పొడిచి, అయిదు డబ్బాలు నింపి మేడ మీద ఇటుకలు పేర్చి పెట్టేసరికి ఇంటావిడ వచ్చింది.

"తీయించేరా?"

"ఆయ్" నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"మేడ మీద పోయలేదండీ, డబ్బాల్లో పెట్టేను. కింద ఇటుకలున్నాయి, చెమ్మ తగలదు. ఎత్తి చూడండి."

ఆవిడ నిజంగానే వంగి ఒక డబ్బా ఎత్తి, అడుగున తడిమి, పొడిగా ఉన్న తన వేళ్ళు చూసుకుంది. మళ్ళీ ఇటుకల మీదే పెట్టింది. మెట్లు దిగి వెళ్ళింది.

సాయంత్రమైంది. డబ్బాలు అక్కడే ఉన్నాయి.