మీరు సెలవు పెట్టిన రోజు

ప్లాస్టిక్ సీసా మూత తిప్పితే సీలు తెగి కటుక్కుమంటుంది. ఆ చప్పుడు వింటే నాకు ఖాసిం మాస్టారు గుర్తుకొస్తారు. ఆయన కాలానికి ఈ సీసాలు లేవు. ఆయన దగ్గర ఉండేది ఇత్తడి మరచెంబు. మూత తిప్పినప్పుడల్లా కిర్రుమనేది. పోయిన వారం నలుగురు పిల్లలు మా ఇంటికి వచ్చారు. పిల్లలంటే పిల్లలేం కాదు, ఇద్దరు బడిపంతుళ్లు, ఇద్దరు హక్కుల కోసం తిరిగేవాళ్లు. నా వయసుకి అందరూ పిల్లలే. వచ్చే నెల నెల్లూరులో ఉపాధ్యాయులూ కార్యకర్తలూ కలిసి సామాజిక న్యాయం గురించి రెండు రోజులు మాట్లాడుకుంటారట, మొదటిరోజు నేను మాట్లాడాలట. మంచినీళ్లు తెస్తానని లేచాను. "ఉన్నాయి మేడం, మీరు కూర్చోండి" అంటూ నలుగురూ సంచుల్లోంచి సీసాలు తీశారు. నాలుగు మూతలు ఒకేసారి కటుక్కుమన్నాయి. దేని గురించి మాట్లాడతారని వాళ్లు అడిగింది నాకు సగమే వినిపించింది. తర్వాత ఫోన్ చేస్తానని పంపేశాను.

అరవయ్యో దశకం మొదట్లో నా తొలి ఉద్యోగం కోవూరుకి తూర్పున, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక చిన్న ఊళ్లో. ఇద్దరు టీచర్ల బడి. ఖాసిం మాస్టారు కోవూరులో పనిచేసేవారు. వాళ్లది గిన్నెలకు కళాయి పూసే కుటుంబం. ఆ ఇంట్లో మొదట చదువుకున్నది ఆయనే. ప్రతి నెలా రెండో శనివారం మధ్యాహ్నం చుట్టుపక్కల టీచర్లనూ, కూలి సంఘంలో పనిచేసే ఒకరిద్దరినీ తమ ఇంటి వసారాలో కూర్చోబెట్టేవారు. దానికో పేరు లేదు, అధ్యక్షుడు లేడు, దండలు లేవు. వారం ముందు అందరికీ ఒక పోస్టుకార్డు వచ్చేది. దాని మీద తేదీ, వేళ, కింద ఒకే ఒక్క ప్రశ్న. మీ బడిలో వెనక వరసలో కూర్చునేది ఎవరు? నాట్లప్పుడు రాని పిల్లల పేర్లు కొట్టేస్తారా, ఉంచుతారా? కళ్లతో చూసిందే చెప్పాలి, ఉపన్యాసాలు కుదరవు. "మన దేశంలో" అని ఎవరైనా మొదలుపెడితే, దేశం సంగతి తర్వాత, ముందు మీ బడి వసారాలో ఏం జరిగిందో చెప్పమనేవారు. కోపంగా కాదు, ఆయనకు నిజంగానే తెలుసుకోవాలని ఉండేది. కళాయి వేసేవాడు గిన్నె లోపలికి తొంగి చూసినట్టు మన మాటలోకి తొంగి చూసేవారు. ఎక్కడికెళ్లినా సైకిలు హ్యాండిలుకు ఆ మరచెంబు వేలాడుతూ ఉండేది. పాపం, ఆయనకు నీళ్ల పట్టింపు ఎక్కువని నేను అనుకునేదాన్ని.

ఒక నెల కార్డులో వచ్చిన ప్రశ్న ఇది: మీ బడి మంచినీళ్ల కుండలో చెంబు ముంచేది ఎవరు? చూడగానే నాకు భలే సంతోషం వేసింది. మాది ఉప్పునేల. ఊరికి దూరంగా ఇసుకలో తవ్విన గుంటలో, దొరువు అంటారు దాన్ని, ఊరే తియ్యటి నీళ్లే అందరికీ ఆధారం. ఆ నీళ్లు బడి కుండలోకి తెప్పించి, మధ్యాహ్నం నేనే స్వయంగా పిల్లలందరి దోసిళ్లలో పోసేదాన్ని. ఊళ్లో రైతుల పిల్లలకైనా, హరిజనవాడ పిల్లలకైనా ఒకే చెంబు, ఒకే చెయ్యి. ఈ మాట చెబితే ఒకరిద్దరు శభాషన్నారు. నేను బహుమతి కోసం చూసినట్టు మాస్టారి వైపు చూశాను.

"బాగుండాదమ్మా. మీరు సెలవు పెట్టిన రోజు ఎవురు పోస్తారు?"

ఆ రోజు పిల్లలే ముంచుకుంటారన్నాను. అందరూనా అని అడిగారు. నాకు తెలియదు. తిరిగి వెళ్లేటప్పుడు బస్సులో నాకు ఒళ్లు మండిపోయింది. కోడిగుడ్డుకు ఈకలు పీకే మనిషి అని తిట్టుకున్నాను. కానీ ఆ ప్రశ్న మాత్రం నాతోపాటు బస్సు దిగి ఇంటికి వచ్చింది. సోమవారం హాజరుపట్టీ తీసి, నేను సెలవు పెట్టిన రోజులన్నీ వెతికాను. నాలుగో తరగతి చెంగమ్మ ఆ రోజుల్లో ఉదయం ఉంది, మధ్యాహ్నం లేదు. ఒక్కరోజు కూడా తప్పలేదు. హరిజనవాడ పిల్ల, నోటి లెక్కల్లో నాకంటే ముందు జవాబు చెప్పేది. పిలిచి అడిగితే కాలి బొటనవేలితో నేల గీకుతూ చెప్పింది.

"మీరు ల్యాకపోతే మాకు ఎవురూ పొయ్యరు టీచరమ్మా. దప్పికై ఇంటికి పోతా. పోతే మాయమ్మ మళ్లా పంపదు, కలుపుకు పొమ్మంటాది. ఎండాకాలం వస్తే బడి మాన్పించేస్తానంటా ఉండాది."

నాకు సిగ్గేసింది. రెండేళ్లుగా నేను తేడాను చెరిపేశాననుకున్నాను. నిజానికి నా చేతి కింద దాన్ని భద్రంగా దాచిపెట్టాను. నేను పోస్తున్నంతసేపూ ఆ పిల్లలు కుండ ముట్టనవసరం లేదు, ముట్టలేరని ఎవరికీ కనబడనవసరమూ లేదు. మర్నాడు చెంబు చెంగమ్మ చేతికిచ్చి, ఈ నెలంతా నీ వంతు అన్నాను. ఆ మర్నాటికి బడి సగం ఖాళీ. సాయంత్రం పంచాయతీ ప్రెసిడెంటుగారు వచ్చి అరుగు మీద కూర్చున్నారు. గొంతు పెంచలేదు.

"మీరు పోస్తా ఉంటే ఊళ్లో ఎవురన్నా ఒక్క మాట అన్నారా? ఎవురికీ ఇబ్బంది ల్యాకుండా జరిగిపోతా ఉండె. ఆ పిల్ల చేత కుండ ఎందుకు ముట్టించినారమ్మా?"

ఆయన దృష్టిలో అది మెచ్చుకోలే. ఇది ఇలాగే సాగితే నన్ను బదిలీ చేయమని పైకి రాస్తానని కూడా మర్యాదగానే చెప్పి వెళ్లారు. నాకు భయమేసింది. నా బదిలీ అటుంచి, కుండ మళ్లీ నా చేతికొస్తే చెంగమ్మ చదువు ఆ ఎండాకాలంతో సరి. మాస్టారికి కార్డు రాశాను. ఓదార్పు వస్తుందనుకుంటే, అందరికీ పంపే కార్డే నాకూ వచ్చింది. వచ్చే సమావేశం మా బడిలోనట. ప్రశ్న: మీరు ఎవరి చేతి నీళ్లు తాగరు?

మామూలుగా పదిహేనుమంది వచ్చేవాళ్లు, ఆ రోజు ఆరుగురే వచ్చారు. ఊరివాళ్లు కొందరు దూరంగా నిలబడి చూస్తున్నారు. చెంగమ్మ కుండ పక్కన పెదవులు బిగించి నిలుచుంది. మాస్టారు సైకిలు దిగి నేరుగా ఆ పిల్ల దగ్గరకే వెళ్లారు. అలవాటు చొప్పున ఆ పిల్ల చెంబు పైకెత్తి దోసిట్లో పోయబోయింది. గ్లాసులో ఇవ్వమని అడిగి, నిదానంగా తాగి, ఇంకో గ్లాసు అడిగారు. మిగతావాళ్లూ తాగారు, ఒక పెద్దవయసు మాస్టారు తప్ప. కూర్చున్నాక ఆయన వంతు వచ్చినప్పుడు, ఇందాక తాగనిది దాహం లేక కాదని ఆయనే ఒప్పుకున్నారు. ఖాసిం మాస్టారు ముఖం వెలిగిపోయింది. ఈ పూటకు ఇదే అసలైన జవాబు అన్నారు.

నా వంతుకు, నేను అందరి చేతి నీళ్లూ తాగుతానని గొప్పగా చెప్పబోయాను. అప్పుడు సైకిలుకున్న మరచెంబు కంటబడింది. మరి మీరెందుకు దాన్ని మోస్తారని అడిగాను.

"నేను దప్పికంటే కొన్ని ఇండ్లల్లో నాకు ఏ గ్లాసియ్యాల్నో తెలీక తారాడతారమ్మా. నా చెంబు నాకుంటే వాళ్లకు ఆ అవస్థ ఉండదు."

అంతకు ముందటేడు నాకు జ్వరమొస్తే ఆయన నెల్లూరులో మా ఇంటికి చూడవచ్చారు. మా అమ్మ గుమ్మంలో తటపటాయిస్తూ మంచినీళ్లు కావాలా అంటే, ఉన్నాయమ్మా అని ఈ చెంబే ఎత్తి చూపించారు. మంచంలో పడుకున్న నాకు అప్పుడు హమ్మయ్య అనిపించింది. ఆ సంగతి అక్కడే, అందరి ముందూ చెప్పేశాను. ఏడుపొచ్చింది కూడా. ఆయన మాత్రం కొత్త లెక్క దొరికినవాడిలా ఆలోచనలో పడ్డారు.

"అయితే మనమిద్దరం ఒకే పని చేసినామమ్మా. మీరు పోసినారు, నేను మోసినాను."

ఆ తర్వాత ఆయన సైకిలుకు మరచెంబు చూడలేదు. కొన్నాళ్లకు మా ఇంటికొచ్చి, చెప్పులు విప్పుతూనే మంచినీళ్లు అడిగారు. మా అమ్మ కాస్త ఆలస్యంగానే అయినా మేం తాగే గ్లాసులోనే తెచ్చింది. బడికి పిల్లలు ఒక్కొక్కరే తిరిగొచ్చారు, రెండిళ్లవాళ్లు మాత్రం రానేలేదు. చెంగమ్మ ఎండాకాలం దాటింది, ఐదు పాసై కోవూరు హైస్కూల్లో చేరింది. ఆ ఏడే ప్రెసిడెంటుగారు అన్నంత పనీ చేశారు, నాకు బదిలీ అయింది. ఆ పిల్ల తర్వాత ఏమైందో నాకు తెలియదు. తెలుసుకోకపోవడం నా తప్పే.

పోయిన వారం ఆ నలుగురూ వెళ్లాక వంటింట్లోకి వెళ్లాను. కిటికీ అంచున ఒక స్టీలు గ్లాసు విడిగా బోర్లించి ఉంది. మా ఇంట్లో పనిచేసే లక్ష్మిదట. నేను పది రోజులు చెల్లెలి ఇంట్లో ఉండి అంతకు ముందురోజే వచ్చాను. ఎవరు పెట్టమన్నారని కోడలిని అడిగితే, ఎవరూ అనలేదత్తయ్యా, తనే అక్కడ పెట్టుకుంటోంది అంది. ఫోన్ తీసి ఆ పిల్లలకు చెప్పాను, నేను మా వంటింటి గురించి మాట్లాడతానని. వాళ్లకేమీ అర్థమైనట్టు లేదు. గ్లాసు తీసి మా గ్లాసుల్లో కలిపేయబోయి ఆగిపోయాను. అలా చేస్తే మళ్లీ నేనే పోసినట్టవుతుంది. అందుకని కుర్చీ లాక్కుని, లక్ష్మి వచ్చేదాకా అక్కడే కూర్చున్నాను. అడగాల్సింది ఆమెని.