పన్నెండు నిమిషాల దూరం

పాపువా న్యూగినీ కొండల్లో మెనాబిల్ విమానాశ్రయం అంటే గడ్డి కోసిన ఒక వాలు, దాని పక్కన రేకుల షెడ్డు. ఆ షెడ్డులో కూర్చుని రోజూ పొద్దున్నే రేడియోలో వాతావరణం చెప్పడం దోర్కస్ పని. మబ్బు విడి కనుమ తెరుచుకుందని ఆమె అంటేనే పైలట్ బయల్దేరతాడు. ఇన్నేళ్ళలో ఆమె చెప్పింది తప్పయింది లేదు. ఆ సంగతి ఆమెకు తెలుసు, కొంచెం ఎక్కువగానే తెలుసు.

పుట్టిల్లు సోవిక్, కొండకు అవతల. అక్కడా ఇలాంటి వాలే ఉంది. విమానంలో పన్నెండు నిమిషాలు, కాలినడకన నాలుగు రోజులు. విమానం వచ్చాక ఆ దారి మొహం చూసినవాళ్ళు తక్కువ. పందిపిల్లలు సైతం గాల్లో ప్రయాణం చేస్తుంటే మనుషులు జలగల మధ్య ఎందుకు నడుస్తారు?

వానలు ముదిరిన రోజుల్లో తమ్ముడు తిమోన్ సోవిక్ నుంచి రేడియోలో పిలిచాడు.

"అక్కా, దుంప మెత్తగా చేసి పెట్టినా అమ్మ మింగట్లేదు. నిన్నే అడుగుతోంది. వచ్చెయ్యి."

దోర్కస్ నార సంచిలో బట్టలు సర్దుకుని షెడ్డుకు వచ్చింది. కనుమ నిండా మబ్బు. "మూసుకుంది, రావద్దు" అని పైలట్‌కు తన నోటితోనే చెప్పింది. అబద్ధం చెబితే కొండకు కొట్టుకునేది వాడే కదా.

మర్నాడూ అదే మబ్బు. అత్త యేసిప్ కాల్చిన చిలగడదుంపలు మూటగట్టి తెచ్చింది.

"ఇవి పట్టుకుని నడువు. నీ మొగుణ్ణి తోడు తీసుకుపో."

"రేపు తెరుచుకుంటుంది అత్తా. గాలి మారింది, చూడు."

"గాలి సంగతి నాకెందుకు? నీకు కాళ్ళున్నాయా లేవా?"

"పన్నెండు నిమిషాల దానికి నాలుగు రోజులు కొండలెక్కమంటావా? నేను సగం దారిలో ఉండగా విమానం నెత్తిమీంచి పోతేనో?"

"పోతే పోనీ. దాన్ని తిట్టుకుంటూ నడువు."

దోర్కస్ వినలేదు. మూడోనాడు మబ్బు కాస్త పలచబడింది, అదే ఆమె కొంప ముంచింది. ఇన్నాళ్ళు ఆగి ఇప్పుడు నడవడమేమిటని మొండికేసింది. తల్లి మీద ప్రేమ లేక కాదు, ఆకాశం తన మాట వింటుందన్న పిచ్చి నమ్మకం. అలా ఆరు పొద్దులు గడిచిపోయాయి.

ఏడోనాడు కనుమ తెరుచుకుంది. ప్రయాణం సరిగ్గా పన్నెండు నిమిషాలే పట్టింది. సోవిక్ వాలు పక్కన ఆడవాళ్ళు, ఎవరైనా పోయినప్పుడు చేసేలా, ఒళ్ళంతా బురద పూసుకుని నిలబడి ఉన్నారు. విమానం తలుపు తెరవకముందే ఆమెకు సంగతి తెలిసిపోయింది.

"నిన్న సాయంత్రం" అన్నాడు తిమోన్.

దోర్కస్ గడ్డిలో కూలబడింది. చాలాసేపు ఏడ్చాక అడిగింది. "నేను రాలేదని తిట్టిందా?"

"లేదక్కా. విమానం కోసం కూర్చున్నావని చెప్పడానికి నాకు నోరు రాలేదు. నడిచొస్తోందన్నాను. ఎందాకా వచ్చింది, ఎందాకా వచ్చిందని పూటపూటా అడిగేది. రాతి గుహ దగ్గర పడుకుందన్నాను. తర్వాత వెదురు కోన దాటించాను. నీకు జ్వరమొచ్చిందని తీగల వంతెన దగ్గర రెండు రోజులు ఆపాను. నిన్న పొద్దున మన తోటలోకి వచ్చేశావన్నాను. తలుపు తీయించుకుని అటే చూస్తూ పడుకుంది. ఇంక చెప్పడానికి దారిలో ఏం మిగల్లేదక్కా."