ఏటి గట్టున ఊడ్చిన వాకిలి

2023 ఎండాకాలం. అప్పటికి నేను మొబైల్ సైన్స్ ల్యాబ్‌లో కుదురుకుని చాలా ఏళ్లయింది. ల్యాబ్ అంటే పెద్దదేం కాదు, మైక్రోస్కోపులు, ట్రేలు, గాజు సీసాలు నింపుకున్న ఒక వ్యాను. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల బడులు తిరిగి పిల్లలకు ప్రయోగాలు చేసి చూపించడం నా ఉద్యోగం. వ్యాను నడిపేది ఖాజన్న. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఊరూరా ప్రచారం చేసేది కూడా ఆయనే.

ఆ ఏడు పిల్లలతో పాటు తల్లిదండ్రులనూ కూర్చోబెట్టి కుటుంబ సైన్స్ పండుగ జరపమని పై ఆఫీసు చెప్పింది. థీమ్, అంటే పండుగకు ఎంచుకున్న విషయం, ‘దీవుల తీరాలను కాపాడుకుందాం’. వెంట పగడాల దిబ్బలు, మడ అడవుల పోస్టర్లు పంపారు. నాకు ఒళ్లు మండింది. సముద్రం ముఖం చూడని మా జిల్లాలకు ఈ పాఠమేమిటని విసుక్కుంటే ఖాజన్న నవ్వాడు.

“సముద్రం లేకుంటే ఏంది మేడం? కృష్ణ నడుమ గడ్డ లేదా? అది దీవి కాదా?”

నిజమే. గద్వాల దగ్గర కృష్ణ రెండు పాయలుగా చీలిన చోట మధ్యలో ఒక గడ్డ ఉంది. కొన్ని ఇళ్లు, చుట్టూ పొలాలు. పుట్టిలో, అంటే గుండ్రటి బుట్ట పడవలో, దాటాలి. పుట్టి నడిపే తిమ్మప్ప పొలం ముందే రేవు. ముందోసారి వెళ్లి చూస్తే గట్టు పొడుగునా రెల్లు, తుంగ దట్టంగా ఉన్నాయి. వాటి వేళ్లు మట్టిని ఎలా పట్టుకుంటాయో చూపిస్తే చాలు, పోస్టర్లతో పని లేదనుకుని, మూడు జిల్లాల కుటుంబాలనూ అక్కడికే రమ్మన్నాను.

పండుగ రోజు మొదటి పుట్టిలో దిగేసరికి రేవు పొడుగునా ఒక్క గడ్డిపోచ లేదు. కొడవలితో కోసి, పారతో వేళ్లు తవ్వి, తగలబెట్టేశారు. బోసి గట్టు మీద పేడనీళ్లు చల్లి, ముగ్గు పెట్టి ఉంది. ముగ్గు పక్కన తిమ్మప్ప భార్య జములమ్మ కొత్త చీర కట్టుకుని నిలబడింది.

“ఎవరు చేశారమ్మా ఈ పని?” నా గొంతు పెద్దదే.

“నేనే బిడ్డా. మూడు జిల్లాల నుంచి చుట్టాలొస్తుండ్రు, వాకిలి ఊడ్వకుంటె ఎట్ల? మా ఆయన ఒద్దన్నడు గని నేను ఇనలే, ఆయనతోనే పీకిచ్చిన. మంచిగున్నదా?”

నా కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. బాగుందనే అన్నాను.

డెమో మాత్రం ఆపలేను. రెండు ట్రేలు ఏటవాలుగా పెట్టాను. ఒకదానిలో అవతలి ఒడ్డు నుంచి తెచ్చిన తుంగ కుదురు, మట్టితో సహా. రెండోదానిలో రేవు మట్టి. ఇద్దరు పిల్లలు చెంబులతో నీళ్లు పోశారు. మట్టి మీదుగా జారి కిందికి పోయే నీటిని మేం రన్‌ఆఫ్ అంటాం. తుంగ ఉన్న ట్రే నుంచి నీళ్లు దాదాపు తేటగా వచ్చాయి. రెండో ట్రే నుంచి బురద ధార కట్టింది, మట్టి అంచు విరిగి పడింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

అందరికీ మజ్జిగ పోస్తున్న జములమ్మ చెంబు కింద పెట్టింది.

“మేడం, ఆ రెండోదాంట్ల ఉన్నది మా కాడి మట్టే కదా?”

“అవునమ్మా.”

“ఏరొస్తే మా మడి గిట్లనే పోతదా?”

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. వాళ్లకున్నది గట్టునానుకున్న ఆ ఒక్క మడే. వానలు పడితే పైన డ్యాం గేట్లు ఎత్తుతారు.

“పోవచ్చమ్మా.”

“చుట్టాలొస్తుండ్రని ఊడ్చిన. నా మడినే ఊడ్సుకున్ననా?” అని అక్కడే కూలబడింది.

ఆ తర్వాత జరగాల్సిన క్విజ్ రద్దు చేశాను. అవతలి ఒడ్డున ఒక్కో కుదురులో సగం వదిలి సగం తవ్వుకొచ్చి, రేవు పొడుగునా నాటాలని తల్లిదండ్రులకు చెప్పాను. వనపర్తి నుంచి వచ్చిన ఒకాయన, “సర్టిఫికెట్లు ఎప్పుడిస్తరు మేడం?” అన్నాడు. “చేతులు బురదైనాక,” అన్నాను. కాసేపటికి ఆయన ఇస్త్రీ చొక్కా కూడా బురదే. తిమ్మప్ప మాత్రం గొణుగుతూనే ఉన్నాడు: “మొన్న నేనే పీకితి, ఇయ్యాల నేనే నాటాలె. చేతులు కాలినంక ఆకులు పట్టుకునుడంటే ఇదే.”

వానాకాలంలో గేట్లు ఎత్తారని తెలిసిన దగ్గర నుంచి నాకు కుదురు లేదు. పుట్టి నడవదు, తిమ్మప్ప ఫోను కలవదు. “మీరు ఫోన్ చేస్తే ఏరు ఆగుతదా మేడం? జర పరేషాన్ కాకుండ్రి,” అన్నాడు ఖాజన్న. ఆయనా రోజూ అడుగుతూనే ఉన్నాడు.

నీళ్లు తగ్గాక తిమ్మప్పే ఫోన్ చేశాడు. “కింది అంచు పోయింది మేడం. వేరు పట్టని కాడ మొత్తం కోసుకపోయింది. మిగిలిన మడి నిలిసింది.” ఆ పోయిన ముక్క నాకు ఇప్పటికీ బాధే. మేం వెళ్లకపోతే అది పోయేది కాదు.

అప్పటి నుంచి ఏ ఊళ్లో కార్యక్రమం పెట్టినా పరికరాలు సర్దుకునే ముందే ఒక మాట అడుగుతాను: మేం వస్తున్నామని మీరేం చేయబోతున్నారు? మన రాక కోసం పల్లెలో ఎవరు ఏది కొడతారో, ఏది పీకుతారో ముందే తెలుసుకోవాలి. మర్యాద చేసేవాళ్లు నష్టం లెక్క చూసుకోరు.

మరుసటి ఏడు మళ్లీ ఆ గడ్డకే వెళ్లాం. రేవులో తుంగ నడుము దాకా పెరిగింది. మనిషి పట్టేంత సందు వదిలి, అందులో రాళ్లు పరిచారు. ముగ్గు లేదు. జములమ్మ ఎదురొచ్చి నా చెయ్యి పట్టుకుంది.

“ఏం ఊడ్వలే బిడ్డా. చుట్టాలొస్తుంటె ఊడ్వకుండ కూసునుడు నా బతుకుల ఇదే మొదలు. పొద్దుగాల నుంచి సిగ్గయితనే ఉన్నది.”