తలుపు మూయించిన వైవా

2021 ఏప్రిల్‌లో, కరోనా రెండోసారి విరుచుకుపడి కాలేజీ మళ్లీ మూతపడ్డప్పుడు, నేను మేడ్చల్ రోడ్డులోని ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో ఫిజిక్స్ అసోసియేట్ ప్రొఫెసర్‌ని. యాప్రాల్‌లోని మా ఇంట్లో కూర్చుని ఫోనుకు పాఠం చెప్పేదాన్ని. అది చాలదన్నట్టు ప్రిన్సిపాల్ నన్ను మొదటి సంవత్సరానికి మెంటర్‌గా వేశారు. అప్పగించిన పిల్లలకు వారానికోసారి ఫోన్ చేసి, మనసు ఎలా ఉందో కనుక్కుని, హెచ్.ఓ.డి.కి నివేదించాలి.

కనుక్కోవడమా! మన ఇళ్లలో టీచర్ ఫోన్ చేస్తే స్పీకర్ పెట్టకుండా మాట్లాడరు. పిల్లను పలకరిస్తే తల్లి, తండ్రి, అవ్వ, మధ్యలో కుక్కర్ జవాబు చెబుతాయి. నాగారంలో ఉండే నవ్య ఇంట్లో మరీను. తండ్రి సరుకులు మోసే డీసీఎం వ్యాన్ నడుపుతాడు, ఇల్లు రెండు గదులు. "మంచిగున్న మేడం" అని నవ్య గొణిగేలోపే అవ్వ అందుకునేది: "దానికేంది మేడం, మంచిగనే ఉన్నది. తింటాంది, పంటాంది." క్లాసులో మాత్రం ఆ అమ్మాయి కెమెరా ఎప్పుడూ చీకటే. పేరు పిలిస్తే పలుకు లేదు. స్పీకర్ తీసేయమంటే తండ్రికి అనుమానం: "ఎందుకు మేడం? మాకు తెల్వకుండ పిల్లతోని ఏం మాట్లాడుతరు?"

నాకు ఒళ్లు మండేది. నేను ఏం నివేదించినా మా హెచ్.ఓ.డి. అందరూ బాగున్నారని రాసి పంపేవారు.

మేలో ల్యాబ్ పరీక్షలు ఆన్‌లైన్‌లో జరిగాయి. వైవా అంటే ప్రయోగం మీద నోటితో అడిగే ప్రశ్నలు. నవ్య వంతు వచ్చేసరికి అవతల తండ్రి గొంతు వినబడింది: "ఏయ్, టీవీ బంద్ జెయ్యిండ్రి! పిల్లకు వైవా ఉన్నది. అందరు బయటికి నడువుండ్రి!" తలుపు మూసుకుంది. అన్ని వారాల్లో మొదటిసారి ఆ ఇల్లు నిశ్శబ్దమైంది.

కాంతి తరంగదైర్ఘ్యం కొలిచే గ్రేటింగ్ ప్రయోగం గురించి అడిగాను. నవ్య గొంతు తగ్గించింది.

"మేడం, నాకేం యాదికుంటలేదు. తెల్లారుతాందంటెనే భయమైతాంది. ఎందుకు బతుకుడు అనిపిస్తాంది. ఇంట్ల చెప్పకుండ్రి."

చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడిగాను. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందని మా స్టాఫ్‌రూంలో నమ్మేవారు. అది తప్పు. "అప్పుడప్పుడు" అంది. ఇంట్లో చెప్పకుండా ఉండలేనని, ముందు ఎవరికి చెప్పాలో మాత్రం తననే నిర్ణయించమని అన్నాను. అవ్వకు, అంది. ఆమెను లోపలికి పిలిపించి, మళ్లీ తలుపు మూయించి చెప్పాను.

అవ్వ చెప్పగానే తండ్రి మొదట ఎగిరిపడ్డాడు. పిల్లకు పిచ్చి అంటగడుతున్నానన్నాడు. అవ్వ ఊరుకోలేదు: "నువ్వు బీపీకి గోలీ మింగుతలేవా? గిదీ గంతే. జల్దీ బండి తియ్యి." ఆ రోజు నుంచి ఆమె మనవరాలిని ఒంటరిగా వదల్లేదు. సికింద్రాబాద్‌లో మానసిక వైద్యుడి దగ్గర చికిత్స మొదలైంది.

తర్వాతి వారం నాకు అప్పగించిన పిల్లలందరికీ విడివిడిగా వైవా ఉందని మెసేజ్ పెట్టాను. ఇళ్లన్నీ తలుపులు మూసుకున్నాయి. నేనడిగింది ఫిజిక్స్ కాదు, మనసు ఎలా ఉందని. పరీక్షల విభాగం ఇన్‌చార్జికి మాత్రం నిద్ర పట్టలేదు. ఇది ఏ రెగ్యులేషన్ కింద, మార్కులు ఏ గడిలో ఎక్కించాలి అని రోజూ ఫోను. కౌన్సెలింగ్ అని పేరు మార్చమన్నారు ప్రిన్సిపాల్. ఆ మాట వింటే ఇల్లంతా వచ్చి పక్కన కూర్చుంటుందని ఆయనకు అర్థమయ్యేలా చెప్పడానికి నా ఓపికంతా అయిపోయింది. చివరికి ‘రెమెడియల్ వైవా’ అని రాసుకుని వదిలేశారు.

నవ్య ఆ ల్యాబ్ పరీక్షను సప్లిమెంటరీలో పాసైంది. ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది. ఫోన్ చేసినప్పుడు స్పీకర్ పెట్టదు.

పిల్ల క్షేమం అడిగితే మూయని తలుపును మన ఇళ్లు మార్కులడిగితే మూస్తాయి. దాని మీద నాకు కోపం ఇంకా పోలేదు. కానీ రిటైరయ్యే దాకా నా టైంటేబుల్లో సిలబస్‌లో లేని వైవా ఒకటి ఉండేది.