చేతిలో ఉన్న కప్పు కోసం బార్డోలీ దాకా

మా అన్న మల్లేశం సూరత్ నుంచి ఫోన్ చేస్తే బాగున్నావా, తిన్నావా, ఇగ పెడుతున్నా అనే మూడు ముక్కల్లో పని అయిపోతుంది. జనవరి చివర్లో ఒక సాయంత్రం మాత్రం ఫోన్ పెట్టేయకుండా గొంతు సవరించుకుంటూ ఉండిపోయాడు. గుచ్చి గుచ్చి అడిగితే విషయం బయటికొచ్చింది. ఆయన కూతురు లావణ్య కాలేజీ అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టుకు కెప్టెన్. దాదాపు చేతికొచ్చిన కప్పు ఆయన నోటి నుంచి వచ్చిన ఒక్క మాట వల్ల చేజారేలా ఉంది. ఇంట్లో ఎవరూ ఆయనతో ముఖం ఇచ్చి మాట్లాడటం లేదు. నేను వచ్చి చేసేదేముంది అన్నాను. "నువ్వుంటే జర ధైర్నం చెల్లె" అన్నాడు. వరంగల్‌లో ఒక డిగ్రీ కాలేజీ లైబ్రరీలో పనిచేసే నాకు సెలవు పెట్టడానికి ఇంతకన్నా మంచి కారణం ఈ మధ్య దొరకలేదు. ఆ మర్నాడే టికెట్ తీసుకున్నాను.

చెన్నై నుంచి అహ్మదాబాద్ వెళ్లే బండిని పొద్దు పోయాక వరంగల్‌లో ఎక్కితే మర్నాడు మధ్యాహ్నం దాటాక సూరత్‌లో దిగుతాం. స్లీపర్ టికెట్ ఆరు వందలకు కాస్త అటూ ఇటూ. దారిలో భుసావల్ దగ్గర అరటిపండ్లు కొనుక్కోండి, ఇంట్లో పిల్లలకు కూడా. స్టేషన్ బయట షేర్ ఆటోలు వరసగా ఉంటాయి. అన్న వాళ్లుండే లింబాయత్‌కు ఇరవై రూపాయలు తీసుకున్నాడు. బోర్డులన్నీ గుజరాతీలోనే ఉంటాయి గానీ, మా అన్న వాళ్ల గల్లీలోకి తిరగ్గానే పై అంతస్తు నుంచి ఎవరో "ఓ రాజవ్వా, నీళ్లొచ్చినయ్" అని కేకేయడం వినబడుతుంది. సిరిసిల్ల, జగిత్యాల వైపు నుంచి మగ్గాల పనికి వచ్చి స్థిరపడ్డవాళ్లే అక్కడ ఎక్కువ. మా వదిన పద్మ తలుపు తీసి నన్ను కావలించుకుంది. స్టేషన్ నుంచి నన్ను తీసుకొచ్చి వెనకాల నిలబడ్డ అన్నను చూసి మాత్రం లోపలికి వెళ్లిపోయింది.

సంగతి మొత్తం ఆ సాయంత్రం లావణ్యే చెప్పింది. సూరత్ చుట్టుపక్కల కాలేజీల అమ్మాయిల జట్లను రెండు గుంపులు చేశారు. నగరంలోవి ఒక గుంపు, బార్డోలీ వైపువి ఇంకో గుంపు. ఒక గుంపు వాళ్లు ఇంకో గుంపుతో ఆడరు. అందరి ఆటలూ అయిపోయాక వ్యాయామ ఉపాధ్యాయులు నలుగురు ఒక గదిలో కూర్చుని, ఎవరు ఎన్ని గెలిచారో చూసి చాంపియన్ ఎవరో ప్రకటిస్తారు. ఇన్నేళ్లూ అదే పద్ధతి. ఈసారి లావణ్య జట్టు ఆడినవన్నీ గెలిచింది. బార్డోలీ జట్టు ఒక్కటి తప్ప అన్నీ గెలిచింది, ఆ ఒక్కటీ డ్రా. లెక్క ప్రకారం కప్పు లావణ్య వాళ్లదే. చాంపియన్ జట్టు రాష్ట్ర పోటీలకు వడోదరా వెళ్తుంది. లావణ్యది ఆఖరి సంవత్సరం, మళ్లీ వెళ్లే అవకాశం ఉండదు.

ఇక్కడే మా అన్న మాట అడ్డం పడింది. లావణ్య ఫోన్ తరచూ చార్జింగ్ లేక ఆగిపోతుందని కాలేజీలో తండ్రి నంబరు ఇచ్చింది. వాళ్ల సార్ ఫోన్ చేసేసరికి అన్న సచిన్ అనే పారిశ్రామికవాడలో మగ్గాల మధ్య ఉన్నాడు. ఆ చప్పుడులో పక్కనున్న మనిషి అరిచినా వినబడదు. రెండు జట్లూ సమానమని, అంటే 'బరాబర్' అంటూ బార్డోలీ వాళ్లు ఒక మ్యాచ్ అడుగుతున్నారు, మీ కెప్టెన్ ఏమంటుందని సార్ హిందీలో అడిగారు. మా అన్నకు వినబడ్డది రెండే మాటలు, కెప్టెన్, బరాబర్. కూతురికి చెప్పమంటున్నారేమో అనుకుని, తప్పకుండా చెప్తానన్న అర్థంలో "బరాబర్ సార్, బరాబర్" అన్నాడు. మన దగ్గర ఆ మాటకు అదే అర్థం మరి. సార్ మాత్రం రెండు జట్లూ సమానమేనని కెప్టెన్ ఇంటివాళ్లే ఒప్పుకున్నారనుకున్నారు. అలా ముందెప్పుడూ లేని ఫైనల్ ఒకటి పుట్టింది, అదీ బార్డోలీలో, శనివారం మధ్యాహ్నం.

నాకైతే ఒళ్లు మండింది. ఏడాదంతా శ్రద్ధగా చదివిన పిల్లకు ఒక్క పరీక్ష పెట్టి, ఆ రోజు తలనొప్పి వస్తే ఫెయిల్ అనడం ఏం న్యాయం? ఇన్ని మ్యాచ్‌ల కష్టం ఒక పక్క, ఒక్క మధ్యాహ్నం ఒక పక్క ఎలా తూగుతాయి? సార్‌కు ఫోన్ చేసి పొరపాటు జరిగిందని చెబితే సరిపోయేది కదా అని లావణ్యతో అన్నాను. ఆమె బూట్ల లేసులు విప్పి మళ్లీ కడుతూ, "ఇప్పుడేం జేస్తం అత్తా, ఐపోయింది గద" అంది. అన్న గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. వదిన అన్నం వడ్డించేటప్పుడు ఆయన కంచంలో కూర కాస్త తక్కువే వేసిందని నా అనుమానం.

శనివారం పొద్దున జట్టు అమ్మాయిలు కాలేజీ వ్యానులో వెళ్లిపోయారు. అన్నా నేనూ స్టేషన్ ఎదురుగా ఉన్న బస్టాండ్‌కు వెళ్లాం. బస్సు ఎక్కే ముందు బయట బండి దగ్గర లోచో తినండి. శనగపిండిని ఆవిరి మీద ఉడికించి, నూనె, సేవు అనే సన్న కారప్పూస, పచ్చి ఉల్లిపాయ చల్లి వేడివేడిగా ఇస్తారు, ముప్పై నలభై రూపాయల్లో కడుపు నిండుతుంది. అన్నకు ఆ రోజు అదీ సహించలేదు. బార్డోలీకి ప్రభుత్వ బస్సులు వెంటవెంటనే ఉంటాయి. గంటకు కాస్త పైనే ప్రయాణం, టికెట్ యాభై లోపే. ఊరు దాటాక రెండు పక్కలా చెరకు తోటలు మొదలవుతాయి. ఈ నెలల్లో చెరకు నరికి ఫ్యాక్టరీలకు తోలుతుంటారు కాబట్టి ట్రాక్టర్ల వెనకాల బస్సు నెమ్మదిగా పోతుంది, సమయం కాస్త ఎక్కువే వేసుకోండి. కరెంటు తీగల మీద సంక్రాంతి నాటి గాలిపటాలు ఇంకా చిరిగి వేలాడుతున్నాయి.

కిటికీలోంచి చూస్తున్న అన్న నా వైపు తిరిగాడు. "చెల్లె, పిల్ల ఓడిపోతే వడోదరా పోవుడు బంద్. నేను ఒక్క మాట సక్కగ ఇనకపోతిని" అన్నాడు. చిన్నప్పుడే సూరత్ వచ్చి మగ్గాల చప్పుడులో బతికిన మనిషి, సరిగా వినబడలేదన్న సంగతి కూడా తన తప్పుల్లోనే వేసుకున్నాడు. నాకు చెప్పలేనంత జాలేసింది. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టాను.

బార్డోలీలో దిగాక మైదానానికి నడక దూరమే. దారిలో ఒకావిడ పాత్రా అమ్ముతోంది. చేమాకులకు పిండి పూసి చుట్టి, ఉడికించి, ముక్కలు కోసి తాలింపు వేసే ఈ పాత్రా కోసమే సూరత్ నుంచి వచ్చేవాళ్లున్నారట. ఒక పొట్లం నలభై రూపాయలు. ఎక్కడి నుంచి వచ్చారని అడిగింది. అన్న గుజరాతీలో మ్యాచ్ సంగతి చెప్పగానే ఆవిడ చేతిలో గరిటె ఆగింది. తన పక్కింటి అమ్మాయి బార్డోలీ జట్టులో ఆడుతుందట. ఏటా బాగానే ఆడతారు గానీ, కప్పు ఎవరిదో సూరత్‌లో గది తలుపులు వేసుకుని తేలుస్తారు, వీళ్ల ఆట చూడటానికి అక్కడి నుంచి ఒక్కరూ రారు, ఈసారైనా మైదానంలో తేల్చుకుందామని వీళ్లే అడిగారు అని చెప్పింది. సూరత్ కెప్టెన్ ఒప్పుకుందట, మంచి పిల్ల అని కూడా అంది. ఆ మంచి పిల్ల తండ్రి తనేనని అన్న చెప్పలేదు. పొట్లం అందుకుని గబగబా ముందుకు నడిచాడు. నా కోపం మాత్రం అక్కడే కాస్త తగ్గింది. ఒక గుంపు కష్టం గురించి లెక్కలు కట్టానే గానీ, రెండో గుంపు వాళ్లకూ అంతే కష్టం ఉందన్న ఆలోచన నాకు అంతవరకూ రాలేదు.

మ్యాచ్ రెండు గంటలకు. గడ్డి అక్కడక్కడే, మిగతాదంతా ఎర్రమట్టి. చెరకు ఫ్యాక్టరీ వైపు నుంచి బెల్లం పాకం వాసన వస్తోంది. ఊరి జనం బాగానే వచ్చారు. మా వైపు అన్న, నేను, ఇంకో నలుగురైదుగురు తల్లిదండ్రులు, అంతే. అన్న కూతురి ఆట చూడటం అదే మొదటిసారి. రిఫరీ విజిల్ వేసిన ప్రతిసారీ అది లావణ్యకు వ్యతిరేకంగానే వేశాడని నమ్మాడు. బంతి మనవాళ్ల దగ్గరే ఉందని చెప్పినా వినడు. సగం ఆట దాకా గోల్ లేదు. తర్వాత కార్నర్ నుంచి వచ్చిన బంతిని బార్డోలీ అమ్మాయి తలతో కొట్టి లోపల వేసింది. అన్న రెండు చేతులతో తల పట్టుకున్నాడు. కాసేపటికి లావణ్య దూరం నుంచి కొట్టిన ఫ్రీ కిక్ గోల్‌కీపర్ చేతులు దాటి వల తాకింది. అప్పుడు మా అన్న ఎగిరిన ఎగురుడుకు చొక్కా గుండీ ఒకటి ఊడి పడింది. పక్కనున్న బార్డోలీ ముసలాయన దాన్ని వెతికి చేతికిచ్చాడు.

ఇక ఆట ముగుస్తుందనగా బార్డోలీ జట్టులో సన్నగా ఉన్న ఒక అమ్మాయి పక్క గీత వెంట పరుగెత్తుకుంటూ వచ్చి, ఇద్దరిని తప్పించి, గోల్ మూలకు కొట్టింది. అదృష్టం అనడానికి లేదు, ఫౌల్ అనడానికీ లేదు. అంత చక్కని గోల్. రెండుకు ఒకటి, మేం ఓడిపోయాం. మా పిల్లలు కొందరు ఏడ్చారు. లావణ్య వెళ్లి ఆ సన్నటి అమ్మాయి భుజం తట్టి ఏదో చెప్పింది. కప్పు ఇచ్చేటప్పుడు సార్ మైకులో ఒక మాట ప్రకటించారు. ఇకనుంచి రెండు గుంపుల్లో ముందున్న జట్లు ఏటా ఫైనల్ ఆడతాయి, ఒక ఏడాది ఇక్కడ, ఒక ఏడాది సూరత్‌లో. చప్పట్లు రెండు వైపుల నుంచీ వచ్చాయి.

లావణ్య వ్యానులో కాకుండా మాతో బస్సులో వస్తానంది. ముగ్గురికీ వెనక సీటు దొరికింది. ఊరు దాటాక అన్నే, "నా మాట పట్టుకొనే గదా బిడ్డా ఇదంత" అన్నాడు. లావణ్య మోకాళ్ల మీది మట్టి గీరుతూ, "నీ మాట మీద కాదు బాపు" అంది. సార్‌కు ఆ చప్పుడులో అనుమానం వచ్చి ఆ రోజు సాయంత్రమే మళ్లీ లావణ్యకే ఫోన్ చేశారట. మీ నాన్న అన్నది అర్థం కాలేదు, ఆడతారా లేదా సాఫ్‌గా చెప్పమన్నారట. "ఆడతమని నేనే చెప్పిన బాపు."

అన్న సీట్లోంచి సగం లేచి ఆమె వైపు తిరిగాడు. "మరి వారం సంది నన్నెందుకు గిట్ల సతాయించిన్రు?" అన్నాడు.

జట్టులో సగం మంది వద్దన్నారట. తనే ఒప్పుకున్నానంటే పెద్ద లడాయి అయ్యేదట. ఇంట్లో చెబితే తండ్రే సార్‌కు ఫోన్ చేసి రద్దు చేయించేవాడని భయపడిందట. "తప్పే బాపు, మాఫ్ చెయ్యి" అంది. ఆ తర్వాత నా వైపు తిరిగి, "వాళ్లతోటి ఒక్కసారి గూడ ఆడకుండ మేమే ఫస్ట్ అని ఎట్ల జెప్పుకోవాలె అత్తా? రాత్రి నిద్ర పట్టకపోతుండె" అంది. వడోదరా పోయిందని బాధ లేదా అని అడిగాను. ఉందంది, చాలా ఉందంది. అలా అంటూనే ఏడ్చేసింది. అన్న ఆమె తల తన భుజం మీదికి లాక్కుని కూర్చున్నాడు. కాస్త దూరం పోయాక నా ఫోన్ అడిగి తీసుకుని వదినకు కలిపాడు. "పద్మా, ఓడినం. గని నా తప్పేం లేదట, నీ బిడ్డనే చెప్తుంది, ఇను" అని ఫోన్ లావణ్య చెవి దగ్గర పెట్టాడు. ఏడుపులోనే పిల్ల నవ్వింది. బస్సులో సగం మంది వెనక్కి తిరిగి చూశారు.

ఈ ప్రయాణానికి ముందు, ఏడాది లెక్కే అసలైన లెక్క అని వాదించేదాన్ని. ఇప్పుడూ అందులో కొంత నిజం ఉందనే అంటాను, ఒక్క మధ్యాహ్నం ఎవరికైనా బాగోకపోవచ్చు. కానీ రెండు గుంపులూ ఎప్పుడూ ఎదురుపడకపోతే ఆ లెక్క సగమే. మిగతా సగం గదిలో కూర్చుని ఊహించుకోవడమే. మా పిల్ల ఓడి ఇంటికొచ్చింది, అయినా నాకు దిగులుగా లేదు. గెలిచినవాళ్లు ఎవరో ఆమెకు కచ్చితంగా తెలుసు, ఆ గోల్ ఎలా పడిందో కూడా చేతులు తిప్పుతూ చూపిస్తుంది. వచ్చే ఏడాది ఆమె ఆడదు. వ్యాయామ ఉపాధ్యాయుల కోర్సులో చేరి, సాయంత్రాలు కాలేజీ జూనియర్లకు ఆట నేర్పుతానని సార్‌తో అప్పుడే మాట్లాడుకుంది. మీరూ ఎప్పుడైనా బార్డోలీ వెళ్లి ఇలాంటి ఆట చూడాలనుకుంటే ఒక్క సలహా. మైదానంలో పడమటి వైపు కూర్చోండి, మధ్యాహ్నం ఎండ వీపు మీద పడుతుంది గానీ కళ్లలో పడదు. తూర్పు వైపు కూర్చున్న మాకు, ఆ చివరి బంతి వలలో పడ్డ క్షణంలో ఎండ కళ్లు మిరుమిట్లు గొలిపింది. అది గోలేనా అని ఊరంతా సంబరపడుతుంటే మేం ఒకరినొకరం అడుగుతున్నాం. అవునని మైదానంలోంచి మొదట చేయెత్తి చెప్పింది లావణ్యే.