నిలబెట్టిన సీసా

గోదాములో అతన్ని అందరూ ‘బాణం’ అంటారు. గాజు సామాను పెట్టెల్లో సర్ది, ఏ వైపు పైకి ఉండాలో చెప్పే ఎర్ర బాణం గీయడం ఇరవై రెండేళ్లుగా అతని పని. గీసిన పెట్టెను ఎవరైనా పక్కకు వాల్చారా, వాళ్లకు ఆ పూట మూడినట్టే.

ఈ పని నేర్పిన సూపర్‌వైజర్ నాలుగేళ్ల క్రితం రిటైరవుతూ అతని చేతిలో రెడ్ వైన్ సీసా పెట్టాడు. “జాగ్రత్తగా దాచు. మీ ఇంటికొచ్చినప్పుడు కలిసి తాగుదాం” అన్నాడు. బాణం దాన్ని స్పాంజిలో చుట్టి, అట్టపెట్టెలో నిలబెట్టి, బీరువా అడుగు అరలో భద్రం చేశాడు.

ఆయన భోజనానికి వస్తానన్న ఆదివారం పొద్దున, హోటల్లో పనిచేసే బావమరిది ఆ పెట్టె తెరిచి నెత్తి కొట్టుకున్నాడు.

“నాలుగేళ్లూ నిలబెట్టే ఉంచావా బావా? పడుకోబెట్టాలి! తడి తగలక బిరడా ఎండిపోతుంది. గాలి దూరితే లోపలిది పులిసిపోతుంది.”

“గాజు సామాను ఎవడైనా పడుకోబెడతాడట్రా?”

“చూశావా అక్కా, మీ ఆయన వరస!”

“నన్నే బస్సులో నిటారుగా కూర్చోమంటారు, సీసా ఎంత?” అంది ఆమె.

బాణానికి నవ్వు రాలేదు. అప్పజెప్పిన ఒక్క సీసానూ పాడుచేశాడని గురువు అనుకుంటే తన పనితనం ఏం కాను? వేరే సీసా కొనుక్కొస్తానన్నాడు బావమరిది. “ఆయన్ను మోసం చెయ్యమంటావా?” అని కసిరాడు బాణం.

భోజనాల బల్ల దగ్గర సూపర్‌వైజర్ ఎదుటే బావమరిది సీసా తెరుస్తుంటే బిరడా సగానికి విరిగింది. మిగతా సగం పొడిపొడిగా సీసాలో రాలింది.

“తప్పు నాదే సార్. నిలబెట్టి దాచాను.”

“నేర్పింది నేనేగా!” అని ఆయన పకపకా నవ్వాడు.

భార్య టీ వడపోతలో పల్చటి గుడ్డ వేసి వైన్‌ను గాజు జగ్గులోకి వంచింది. బావమరిది గ్లాసుల్లో మూడో వంతు పోసి ఆపాడు.

“ఇంకాస్త పొయ్యరా, పిసినారీ.”

“వాసనకి చోటుండాలి బావా.”

సూపర్‌వైజర్ వాసన చూసి, గుక్క తీసుకుని, కాసేపు నోట్లోనే ఉంచుకున్నాడు.

“బ్రహ్మాండంగా ఉందయ్యా.”

బావమరిది కూడా రుచి చూశాడు. “వెలుతురూ వేడీ తగలకుండా దాచావు. అదృష్టం కొద్దీ గాలి దూరలేదు. బతికిపోయావు బావా.”

అప్పుడు బాణం తన గ్లాసు ఎత్తి ఒక గుక్క మింగాడు. నాలుక పిడచకట్టుకుపోయింది.

“ఇంత వగరుగానే ఉంటుందా సార్?”

“ఇంతే ఉంటుంది.”

“అమ్మయ్య!” అన్నాడు బాణం.