నీలం దారం ముడి

మా ఆయనకు ఊరంతా కలిసి పెట్టిన పేరు టెస్టర్. చొక్కా మార్చినా జేబులో కరెంటు చూసే ఆ టెస్టర్ మాత్రం మారదు. ఎవరింటికైనా వెళితే ముందు మనుషుల్ని పలకరించరు, వాళ్ల ఫ్రిజ్‌ను పలకరిస్తారు. టెస్టర్ మొన దానికి ఆనించి, టెస్టర్‌లోని దీపం వెలగలేదని తేలాకే కూర్చుంటారు. ఇంటివాళ్ల మొహాలు మాడిపోతాయి, నాకు తల కొట్టేసినట్టవుతుంది.

ఆయన పని గిటార్లు వాయించేవాళ్ల యాంప్లిఫయర్లు, స్పీకర్లు బాగుచేయడం. మా ముందుగదిలో ఒక పక్క నా కుట్టుమిషను, ఇంకో పక్క ఆయన బల్ల. వచ్చే యాంపుల్లో సగానికి ఒకటే జబ్బు. వాయించనప్పుడు కూడా గుంయ్‌మని మోత. ఆ మోత పోవాలని వాయించేవాళ్లు ప్లగ్గుకున్న ఎర్త్ పిన్ను విరిచేస్తారు. మోత పోతుంది, దాంతోపాటే ప్రాణానికున్న అడ్డూ పోతుంది. యాంప్‌లో ఏదైనా చెడితే కరెంటు నేలలోకి పోయే దారి అదేనని, అది మూస్తే మీ ఒంట్లోంచి పోతుందని ఈయన మొత్తుకుంటారు. వాళ్లు బుద్ధిగా తలూపి వెళ్లి, ఇంకో పిన్ను విరుచుకుని వస్తారు. అందుకే గిటార్ పట్టుకున్నవాడిని ఎవడినీ ఆయన నమ్మరు.

టేపునూ నమ్మరు. విప్పిన ప్రతి వైరు కొసనూ వెనక్కి మడిచి, గొట్టం తొడిగి, నా మిషను మీది నీలం దారంతో చుట్టి ముడి వేస్తారు. నా రీళ్లన్నీ అలాగే అయిపోతున్నాయని నేను సణుగుతూనే ఉంటాను.

మా అమ్మాయి ఆ బల్ల కిందే పాకింది, ఆ బల్ల మీదే పని నేర్చింది. కాలేజీలో చేరాక బేస్ గిటార్ పట్టి, ఒక పాటల బృందంలో కలిసింది, వాయిస్తూనే గొంతూ కలుపుతుంది. ఒక పాత యాంప్‌ను ఈయనే ఒళ్లంతా తడిమి సిద్ధం చేసి ఇచ్చారు. ఆ బృందంలో పాడే కుర్రాణ్ణి అందరూ బొంగురు అంటారు, గొంతు అలాంటిది. వాడిని చూసిన రోజే ఈయన, పిన్నులు విరిచే మొహం అని తేల్చేశారు. నేను చూసింది మాత్రం మొహం కాదు, వాడు మా అమ్మాయిని చూసిన చూపు.

ఒక సాయంత్రం అమ్మాయి ప్రాక్టీసు నుంచి పెదవి తడుముకుంటూ వచ్చింది. ఏమైందే అంటే మైకు తగిలిందని, గబగబా లోపలికి వెళ్లిపోయింది. నాకు బొంగురు చూపు గుర్తొచ్చింది. పిల్ల అలా పెదవి తడుముకుంటుంటే తల్లికి ఇంకేం తోస్తుంది? భోజనాల దగ్గర ఆయన చెవిన వేశాను.

"మైకు ఊరికే తగిలితే పెదవెందుకు తడుముకుంటుందే? చురుక్కుమనుంటుంది," అన్నారు.

నేను బొంగురు సంగతి చెబుతుంటే ఈయనకు కరెంటు గోల అని ఒళ్లు మండింది. కానీ ఆయన నెమ్మదిగా విడమరిచి చెప్పారు. యాంప్‌లో కరెంటు ఇనప డబ్బాకు పాకితే, వైరు గుండా గిటార్ తీగలకు ఎక్కుతుందట. చెయ్యి తీగల మీద ఉండగా మూతి మైకుకు తగిలితే, ఆ కరెంటు మనిషి లోంచే దారి చూసుకుంటుందట. ఇవాళ చురుక్కుమంది, రేపు చేతులకు చెమట పట్టి ఉంటే... అప్పుడు నాకూ భయం వేసింది.

యాంప్ ఇంటికి తెమ్మంటే, ప్రాక్టీసు గది తాళం బొంగురు దగ్గరుందని అమ్మాయి గోడవైపు చూస్తూ చెప్పింది. మర్నాడే కాలేజీ హాల్లో కార్యక్రమం. వేరే యాంప్ అడిగి తెచ్చుకుంటానంది. ఆయన నమ్మలేదు, నేనూ నమ్మలేదు. ఇద్దరి అనుమానమూ వెళ్లి బొంగురు నెత్తిన కూర్చుంది. ఆయన లెక్కలో వాడు పిన్ను విరిచిన దొంగ, నా లెక్కలో పిల్లను ఎగరేసుకుపోయే దొంగ.

మర్నాడు మధ్యాహ్నం ఇద్దరం హాలుకు వెళ్లేసరికి స్టేజీ మీద అదే పాత యాంప్, దీపం వెలుగుతూ కనిపించింది. అమ్మాయి గిటార్ తగిలించుకుని మైకు దగ్గరకు నడుస్తోంది. ఆయన ఆ వయసులో స్టేజీ ఎక్కిన వేగం నేను ఎన్నడూ చూడలేదు. వెళ్లి ప్లగ్గు ఊడబీకారు. బొంగురును అందరి ముందూ నిలదీసి, పిన్ను విరిచింది నువ్వేనా అని అడిగారు. వాడు బిక్కచచ్చి ఆయన చేతిలోని ప్లగ్గు చూపించాడు. పిన్నులు మూడూ ఉన్నాయి. తనకు బల్బు మార్చడమే రాదని కూడా చెప్పుకున్నాడు. అందరూ నవ్వారు. అమ్మాయి ఒక్కతే నవ్వలేదు.

ఆయన వెనక పలక విప్పారు. ప్లగ్గు తీసినా లోపల నిలవ ఉండే కరెంటును ముందు దించేసి, అప్పుడు తల వంచారు. ఎంతకీ ఎత్తరు. నేనూ స్టేజీ ఎక్కి ఆయన భుజం మీదుగా తొంగి చూశాను. ఎర్త్‌కు వెళ్లే ఆకుపచ్చ వైరు డబ్బాకు అంటకుండా కత్తిరించి ఉంది. కొస వెనక్కి మడిచి, గొట్టం తొడిగి, నీలం దారంతో ముడి.

నా దారం. ఆ ముడి వేయడం వచ్చినవాళ్లు ఇద్దరే, వాళ్లలో ఒకరు నా ముందు మోకాళ్ల మీద ఉన్నారు.

"మోత పోవట్లేదు నాన్నా," అంది అమ్మాయి. "నీకు చెబితే వాయించడమే మానెయ్యమంటావు. పెదవి చురుక్కుమన్నాక భయమేసింది, కానీ అప్పటికే చేసేశాగా, ఎలా చెప్పను?"

తిడతారని చూశాను. ఆయన బొటనవేలితో ఆ ముడిని తడిమారు.

"ముడి బాగా వేశావమ్మా," అన్నారు. "ఊళ్లో అందర్నీ అనుమానించాను, నిన్ను తప్ప."

ఆయన పనిముట్టు అందుకున్నారు. లోపల చెడి కరెంటును డబ్బాకు వదులుతున్న చిన్న కండెన్సర్‌ను తీసేశారు. ఆకుపచ్చ వైరును మళ్లీ బిగించారు. మైకుల ప్లగ్గులూ యాంప్ ప్లగ్గూ ఒకే బోర్డుకు మార్చారు. మోత చాలావరకు తగ్గింది, కొంచెం మిగిలింది. మీటరు పెట్టి తీగలకూ మైకుకూ మధ్య కరెంటేమీ లేదని రెండుసార్లు చూసుకుని, బొంగురుకు క్షమాపణ చెప్పుకున్నారు. నేను చెప్పలేదు. నా అనుమానం తీర్చే మీటరు ఇంకా రాలేదు.

సాయంత్రం హాలు నిండింది. మొదటి పాటకు ముందు అంతా సద్దుమణిగితే, యాంప్‌లోంచి సన్నగా గుంయ్‌మని వినబడింది. ఏం యాంపో ఏమోనని మా వెనక ఎవరో విసుక్కున్నారు.

"వినబడుతోందా?" అని ఆయన నన్నడిగారు.

"వినబడుతోందండీ."

"ఉండనీ," అన్నారు, నా చెయ్యి గట్టిగా పట్టుకుని.

అమ్మాయి తీగల మీద వేళ్లు వేసి, పెదవి మైకుకు ఆనించింది. ఏమీ కాలేదు. పాట ఎలా ఉందని మాత్రం నన్నడక్కండి. మేమిద్దరం చివరిదాకా ఆ మోతే విన్నాం.